రాతినార రేకులు – గాలి పరీక్ష
(పాతగదులు విప్పునపుడు తల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయములు)

వేసవి సెలవులు వచ్చినంతనే పాఠశాలలకు మరమ్మతుల కాలము వచ్చును. గోడలకు సున్నము, తలుపులకు రంగు, కారుచున్న కప్పులకు మార్పు – ఇవి ఏటేట జరుగు పనులే. నాందేడు వంటి ఊళ్లలో పాతకప్పు అనగా పెక్కుచోట్ల అలలు తీరిన బూడిదరంగు సిమెంటు రేకులే. మన మరాఠీ సోదరులు వీనిని 'సిమెంటుచే పత్రే' అందురు. ఎండకు మాడి వానకు నాని పెళుసెక్కిన యీ రేకులను తీసివేసి మంచి కప్పు వేయుట పిల్లలకు మేలే. అయితే ఆ తీసివేయు తీరు తెలియనిచో, రేకు పలుయేండ్లు కప్పుగా నున్నప్పుడు కలిగింపని కీడును రెండుదినముల పనిలో కలిగింపగలదు. ఆ కీడు కంటికి కనబడదు, ముక్కునకు వాసన తగులదు, నాడే దగ్గు రాదు. దానిని పసిగట్టుటకు మానవుడు కనుగొనిన యుపాయమే గాలి పరీక్ష. ఆ పరీక్ష యెట్టిది, దాని ఫలితమును ఎట్లు చదువవలెను, అది ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను సంగతులను ఈ వ్యాసమున తల్లిదండ్రులకు వివరింపదలచితిమి.

రాతినార యనగా నేమి?

ఆస్బెస్టాసును తెలుగువారు రాతినార యనిరి. ఈ పేరు సార్థకము. అది నేలలో పుట్టు రాయియే. కాని జనపనారవలె పోగులు పోగులుగా విడివడును. అగ్నికి కాలదు, చివుకదు, సిమెంటుతో కలిసినచో మంచి పట్టునిచ్చును. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమున, బ్రాహ్మణపల్లె పరిసరములలో ఈ ఖనిజమును త్రవ్వి తీసిరి. హైదరాబాదు నగరమందలి సనత్‌నగరమున వెలసిన కర్మాగారపు 'చార్మినార్' ముద్రగల రేకులు తెలుగునాట ఇంటింటి మాటయైనవి. 1956 నవంబరు 1వ తేదీ వరకు నాందేడును హైదరాబాదు రాజ్యములోని జిల్లాయే యగుటచే ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. నేటికిని మన దేశమున దిగుమతియైన తెల్లరాతినారతో రేకులు తయారగుచునే యున్నవి.

సిమెంటు రేకులో రాతినార సుమారు నూటికి పదిపాళ్లు ఉండును. మిగిలినది సిమెంటు. రేకు చెక్కుచెదరక యున్నంతవరకు సిమెంటు ఆ పోగులను గట్టిగా పట్టియుంచును. కావున కప్పుమీద రేకు కలదని వినినంతనే తల్లులు భయపడి పిల్లలను బడి మాన్పింప నక్కరలేదు. రేకును పగులగొట్టినపుడు, రంపముతో కోసినపుడు, తొలిచినపుడు, పొడిగా గీకినపుడు, పైనుండి క్రిందికి విసరినపుడు ఆ పట్టు సడలి పోగులు గాలిలో కలియును. వీనిలో అతి సూక్ష్మమైనవి త్వరగా నేలకు దిగవు. కదలని గాలిలో గంటల తరబడి తేలుచుండును. దిగినవి చీపురుతో ఊడ్చినంతనే మరల లేచును.

జబ్బు చాల ఆలస్యముగా బయలుపడును

పీల్చిన పోగులలో కొన్ని ఊపిరితిత్తుల లోతులకు చేరి అచ్చటనే నిలిచిపోవును. వానిని శరీరము కరగింపజాలదు. తత్ఫలితముగా ఊపిరితిత్తులు గట్టిపడు ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాని చుట్టునుండు పొరకు వచ్చు మీసోథీలియోమా అను క్యాన్సరు కలుగవచ్చును. రాతినార రకములన్నియు క్యాన్సరు కారకములే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పొగత్రాగువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు మరింత హెచ్చును.

ఈ జబ్బులు పీల్చిన మరునాడు రావు. ఇరువది, ముప్పది, నలువది యేండ్లకు బయలుపడును. 1960లో వాగ్నరు, స్లెగ్స్, మార్చాండ్ అను వైద్యులు దక్షిణాఫ్రికాలోని కేప్ రాష్ట్ర వాయవ్యభాగమున 33 మంది మీసోథీలియోమా రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారిలో ఎన్నడును గనిలో పని చేయక, గనుల పరిసరములలో బాల్యము గడపినవారును ఉండిరి. 1965లో లండను నగరమున న్యూహౌస్, థాంప్సన్ అను పరిశోధకులు 76 మంది రోగులను గూర్చి విచారింపగా, 9 మంది రాతినార పనివారి యిండ్లలో నివసించిన బంధువులని తేలినది. పని ముగించి వచ్చినవారి బట్టల దుమ్మే వారికి ముప్పైనది. తండ్రి పనిచోటనుండి తెచ్చిన దుమ్ము తల్లి ఉతుకు నీళ్లలో, బిడ్డ ఒడిలో చేరునన్నమాట.

మన సుప్రీంకోర్టు ఈ ఆలస్యమును గుర్తించినది. అహమ్మదాబాదులోని వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రము వారు తెచ్చిన వ్యాజ్యమున 1995 జనవరి 27వ తేదీన తీర్పు చెప్పుచు, రాతినార పనివారి ఆరోగ్య పత్రములను పనిలో చేరిననాటినుండి 40 ఏండ్లు గాని, పని విరమించిన పిదప 15 ఏండ్లు గాని, ఏది ఎక్కువయైన అంతకాలము భద్రపరుపవలెనని ఆదేశించినది. పనివాని ఆరోగ్యము రాజ్యాంగము 21వ అధికరణము క్రింద అతని జీవనహక్కులోని భాగమేయని ఆ తీర్పు స్పష్టము చేసినది.

దీనినుండి గ్రహింపవలసినది ఒకటి కలదు. ఊపిరితిత్తులు సాక్ష్యము చెప్పుటకు 40 ఏండ్లు పట్టవచ్చును. అప్పుడు చేయదగినది స్వల్పము. గాలి మాత్రము నేడే సాక్ష్యము చెప్పును. అయితే అడుగవలసిన వేళ, అడుగవలసిన విధమున అడిగినప్పుడే చెప్పును.

గాలిని కొలుచు విధానము

గాలి పరీక్షకు కావలసిన పరికరములు ఎక్కువ కావు. అరచేతిలో పట్టు ఒక చిన్న పంపు, దానికి గొట్టము, గొట్టము కొనను 25 మిల్లీమీటర్ల వెడల్పుగల గుండ్రని వడపోత పొర. పనివానిని పరీక్షించునపుడు పంపును నడుమునకు కట్టి, పొరయున్న గిన్నెను ముక్కునకు దగ్గరగా మెడపట్టీకి తగిలింతురు. అతడు పీల్చు గాలివంటి గాలినే పంపును పీల్చును. నిమిషమునకు ఎన్ని లీటర్లు పీల్చుచున్నదో పనికి ముందును, పని ముగిసిన తరువాతను సరిచూడవలెను. గాలి పీల్పని మరియొక పొరను గూడ ప్రయోగశాలకు పంపుదురు. పొరలోనే పోగులుండెనేమో, దారిలో దుమ్ము చేరెనేమో దానివలన తెలియును.

ప్రయోగశాలలో ఆ పొరను రసాయనముతో పారదర్శకముగా చేసి, ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిక్రింద ఉంచి, కన్నుతో పోగులను లెక్కింతురు. ఏది లెక్కకు వచ్చునో నియమము కలదు. పొడవు 5 మైక్రానులకు మించవలెను. వెడల్పు 3 మైక్రానులకు లోబడవలెను. పొడవు వెడల్పునకు కనీసము మూడురెట్లుండవలెను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ విధానమునకు భారతీయ ప్రమాణముల సంస్థ ఏర్పరచిన ప్రమాణము ఐ.ఎస్. 11450.

ఒక లెక్క

పాఠశాల పత్రిక గనుక ఒక లెక్క చేసి చూతము. ఇది ఉదాహరణ మాత్రమే.

పంపు నిమిషమునకు 2 లీటర్ల చొప్పున 240 నిమిషములు నడచినది. పీల్చిన గాలి 480 లీటర్లు, అనగా 4,80,000 మిల్లీలీటర్లు. సూక్ష్మదర్శినిలో ఒకసారి కనబడు వలయము వైశాల్యము 0.00785 చదరపు మిల్లీమీటర్లు. అట్టి వలయములు 100 చూడగా 40 పోగులు కనబడినవి. చూచిన వైశాల్యము 0.785 చ.మి.మీ.; పొరలో గాలి సోకు వైశాల్యము మొత్తము 385 చ.మి.మీ. అనగా మొత్తము చూచినదానికి సుమారు 490 రెట్లు. కావున పొరమీద నున్న పోగులు 40 × 490 = 19,600. దీనిని 4,80,000తో భాగింపగా మిల్లీలీటరునకు 0.04 పోగు వచ్చును.

ఇది మంచి ఫలితమా, చెడు ఫలితమా? సమాధానము ఆ గాలి ఎవరిదను దానిపై నున్నది. అమెరికాలో 1994 నుండి పనివానికి 8 గంటల సగటున 0.1 పోగు మించరాదని నియమము. 30 నిమిషముల సగటున 1 పోగు మించరాదు. ఆ కొలబద్దకు 0.04 లోబడియే యున్నది. కాని బ్రిటనులో రాతినార తీసివేసిన గదిని తిరిగి వాడుకకు ఇచ్చుటకు చూచు గుర్తు 0.01. ఆ కొలబద్దకు 0.04 నాలుగు రెట్లు. ఐరోపా సమాఖ్య 2023లో పనివారి పరిమితిని కూడ 0.1 నుండి 0.01కు తగ్గించుటకు నిర్ణయించినది. కాబట్టి 'పరిమితికి లోబడినది' అని ఎవరైన చెప్పినచో, 'ఎవరి పరిమితికి?' అని అడుగుట తల్లిదండ్రుల ధర్మము.

0.01 అనగా సున్నయని భ్రమపడరాదు. లీటరు గాలిలో 10 పోగులు. నిమిషమునకు 6 లీటర్లు పీల్చు బాలుడు గంటకు 3,600 పోగులు పీల్చును. అందుచేతనే ఆ అంకె గది శుభ్రమైనదనుటకు గుర్తుగా మాత్రమే ఉద్దేశింపబడినది. పిల్లలు నిత్యము పీల్చుటకు అనుమతింపబడిన మోతాదు కాదు.

'ఏమియు కనబడలేదు' అను మాట

అన్నిటికంటె జాగరూకతతో చదువవలసిన ఫలితము ఇది. పై లెక్కనే తిరుగవేసి చూతము. గాలిలో నిజముగా 0.01 పోగు కలదు. పంపును 10 నిమిషములు మాత్రమే నడపిరి. పీల్చిన గాలి 20 లీటర్లు. పొరమీద చేరినవి 200 పోగులు. 100 వలయములలో కనబడవలసినవి 200ను 490తో భాగింపగా ఒక పోగులో సగమైన కాదు. అనగా పరీక్షకుడు కండ్లు కాయలు కాచునట్లు చూచినను పొరలో ఏమియు కనబడకపోవచ్చును. అదే 480 లీటర్లు పీల్చినచో 100 వలయములలో సుమారు 10 పోగులు కనబడును. బావిలో చేద ముంచక నీరులేదనుట ఎట్టిదో, తక్కువ గాలి పీల్చి పోగు లేదనుట అట్టిది.

2001 సెప్టెంబరు 11న న్యూయార్కులోని జంటసౌధములు కూలినపుడు ఆ నగరము దుమ్ములో మునిగినది. సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ గాలి పీల్చుటకు సురక్షితమని ప్రకటించినది. అట్లు నిశ్చయముగా చెప్పుటకు తగినంత సమాచారము ఆనాడు లేదని ఆ సంస్థ యొక్క తనిఖీ అధికారియే 2003లో నివేదించెను. పెద్దసంస్థలకే తొందరలో ఇట్టి మాట వచ్చునపుడు, చిన్న గుత్తేదారు నోటి మాటను కాగితము లేనిదే నమ్ముట తగదు.

ఎప్పుడు, ఎచ్చట కొలువవలెను?

ఒక్క పరీక్షతో పని ముగియదు. మొదటిది పనికి ముందు. ఊరిగాలి సహజముగా ఎట్లున్నదో తెలియనిదే పని తెచ్చిన మార్పు తెలియదు. రెండవది పని జరుగుచుండగా పనివాని ముక్కుదగ్గర. మూడవది ఆవరణపు అంచున, గాలివాటముగా ప్రక్కయిండ్ల వైపున. నాలుగవది పని ముగిసి, తడి ఆరి, కంటి తనిఖీ పూర్తియైన తరువాత మూసిన గదిలో. ఈ నాలుగవ పరీక్షలో నేలను, గోడలను కదలించి, దాగిన దుమ్మును లేపి మరీ కొలుతురు; పిల్లలు పరుగులిడునపుడు లేచు దుమ్మును ముందుగానే లేపి చూచుట దీని ఉద్దేశము. గది మూలలో రేకుముక్క ఇంకను కంటికి కనబడుచుండగా గాలి పరీక్ష చేయుట వ్యర్థము. కప్పంతయు తీసిన బయలుచోట గాలి పోగులను చెదరగొట్టును గనుక అచ్చట కంటి తనిఖీకే ప్రాముఖ్యము.

కొలత కాపాడదు

ఒక మాటను మరువరాదు. గాలి పరీక్ష సాక్షియే గాని కాపలాదారు కాదు. కాపాడునది పని చేయు పద్ధతి. రేకును పగులగొట్టక, బోల్టులను విప్పి, నీటితో తడిపి, నిలువుగా పట్టి మెల్లగా దింపవలెను. త్రుప్పుపట్టిన బోల్టును కోయవలెను గాని రేకును కోయరాదు. దింపిన రేకులను దళసరి ప్లాస్టిక్ పట్టలో రెండు చుట్లు చుట్టి, పేరు వ్రాసి యుంచవలెను. పొడిచీపురు తగదు, తడిబట్ట మేలు. మూతికి కట్టుకొను రుమాలు గాని, ఆసుపత్రి మాస్కు గాని ఈ పోగులను ఆపజాలవు. ముఖమునకు సరిగా అతుకు తగిన శ్రేణి మాస్కు కావలెను. పనిబట్టలు ఇల్లు చేరరాదు. పాతరేకులను ప్రక్కవాని పశువులకొట్టమునకు అమ్మరాదు, పొడిచేసి గుంతలు పూడ్పరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో రాతినార వ్యర్థములు చేర్పబడియున్నవి. వానిని పారవేయు విధమును ఐ.ఎస్. 11768 చెప్పుచున్నది.

ఈ మాటలు పరులకు చెప్పుచున్నవి కావు. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు ప్రాంతముల తెలుగువారిలో మేస్త్రీలు, కూలివారు, వడ్డెరపని చేయువారు ఎందరో కలరు. తరగతిగదిలో కూర్చుండువాడు మన బిడ్డయైనచో, కప్పెక్కి రేకు విప్పువాడు మరియొక బిడ్డకు తండ్రి. పిల్లలు సెలవులలో నున్నారు గనుక చింతలేదనుట సగము మాటయే. ఆ పనివాని ముక్కుదగ్గర పెట్టవలసిన పరీక్షను ఖర్చనుకొని మానుట తగదు.

మన ఊరి చిక్కులు రెండు

నాందేడు ప్రత్తికి పేరుపొందిన ప్రాంతము. ఇచ్చటి పరిశోధన కేంద్రపు 'నాందేడ్ 44' ప్రత్తి రైతులందరెరుగుదురు. ప్రత్తి జిన్నింగు జరుగు కాలమున గాలిలో దూదిపోగులును తేలుచుండును. మామూలు సూక్ష్మదర్శినిక్రింద లెక్కించు విధానము పోగు ఆకారమునే చూచును. అది దూదియో, రాతినారయో నిశ్చయముగా చెప్పజాలదు. మరియు సుమారు పావుమైక్రానుకంటె సన్నని పోగులు అందు కనబడవు. లెక్క ఎక్కువగా వచ్చి అనుమానము కలిగినచో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపింపవలెను. అది పోగు జాతిని చెప్పును. పనికి ముందు చేయు పరీక్ష విలువ ఇచ్చటనే తెలియును.

రెండవ చిక్కు మే నెల. ఎండ 40 డిగ్రీలు దాటును, నీరు కొరతగా నుండును, దుమ్ము రేగును. దుమ్ము దట్టముగా పేరుకొన్న పొరమీద పోగులు లెక్కకు అందవు. అట్టి నమూనాను తిరస్కరించి, తక్కువ సేపు చొప్పున ఎక్కువ పొరలు మార్చి తీయవలెను. నీరు లేదను సాకుతో పొడిగా విప్పుట అన్నిటికంటె కీడు. ట్యాంకరు ఏర్పడువరకు పనిని వాయిదా వేయుటయే వివేకము. రేకు గట్టిగా నున్నచో దానిని కదలింపక, అంతవరకు క్రింద గట్టి అడ్డుకప్పు వేసి యుంచుటయు ఒక మార్గమే.

అడుగవలసిన ప్రశ్నలు

అమెరికాలో 1986లో పాఠశాలలకై ప్రత్యేక చట్టము చేసి, రాతినార ఎచ్చట నున్నదో తనిఖీ చేయించి, ప్రణాళిక వ్రాయించి, తల్లిదండ్రుల సంఘములకు ఏటేట తెలియజేయవలెనని విధించిరి. మనము అట్టి అలవాటును చట్టముకొరకు వేచియుండక మన సభలలోనే ఆరంభింపవచ్చును. కప్పు మార్చు ప్రస్తావన వచ్చినపుడు తల్లిదండ్రులు ఈ క్రింది ప్రశ్నలను వ్రాతమూలకముగా అడుగుట మంచిది.

1. ఏ గదులపై రాతినార రేకులు కలవు? వాని స్థితి యెట్టిది? విప్పుట నిజముగా అవసరమా?
2. పని ఏ దినములలో జరుగును? అంతకాలము ఆవరణలో పిల్లలు గాని, సెలవు తరగతులు గాని ఉండవు కదా?
3. గాలి పరీక్ష చేయువారు రేకులు విప్పు గుత్తేదారుతో సంబంధము లేనివారేనా? ఈ పరీక్షకు గుర్తింపుగల ప్రయోగశాలయేనా?
4. ప్రతి నమూనాకు చోటు, వేళ, పీల్చిన లీటర్లు, చూచిన వలయములు, కనబడిన పోగులు కాగితముపై ఉన్నవా?
5. ఖాళీపొర ఫలితము ఏమి?
6. ఫలితము మించినచో ఎవరు పని నిలుపుదురు? గదిని తిరిగి శుభ్రపరచి మరల కొలిచిన పిదపనే తాళము తీయుదురా?
7. రేకులు ఎచ్చటికి పోయినవి? రసీదు కలదా?

ఈ ఏడు ప్రశ్నలకు సమాధానములున్న కాగితమును పాఠశాల దస్త్రములో పదిలపరుపవలెను. సుప్రీంకోర్టు పనివాని పత్రములకు 40 ఏండ్ల ఆయువు నిచ్చినది. మన బిడ్డల గది పత్రమునకును అంత ఆయువుండుట న్యాయము. అప్పటికి మనము ఉందుమో లేదో. ఆ గదిలో చదివినవారు ఉందురు.

కడపటి రేకు బండి యెక్కినంతమాత్రమున పని ముగియలేదు. కంటికి శుభ్రమై, కొలతకు నిలిచి, కాగితమునకెక్కిన పిదపనే ముగిసినది. జూను మాసమున పిల్లలు క్రొత్తకప్పు క్రింద కూర్చుండి పాఠము చదువునపుడు, వారు పీల్చు గాలిని గూర్చి పెద్దలు ఒక్కసారియైన అడిగి తెలిసికొనియుండవలెనని మా ప్రార్థన.